బండి దిగని మనిషి

ఎక్కడ ఆపాం? ఆసుపత్రి వరండాలో ఆపాం. అక్క చేతిలో నరం మూసుకుపోతోందనీ, రెండో చేతిలో ఇదివరకే ప్రయత్నించి వదిలేశారు కనుక ఇక మెడ దగ్గర గొట్టం వెయ్యడం తప్ప దారి లేదనీ, అదైనా ఎన్నాళ్ళు పనిచేస్తుందో, ఈలోగా గుండె ఏమంటుందో తాను చెప్పలేననీ డాక్టరు నేలచూపులు చూస్తూ చెప్పాడు. చివర్లో తలెత్తి, "ఎక్కడికైనా తీసుకెళ్ళాలని ఉంటే ఇప్పుడే తీసుకెళ్ళి రండి. వారం చివర డయాలసిస్‌కి రెండు రోజుల సందు వస్తుందిగా, అందులో" అన్నాడు. ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పడానికి ఇంకో డాక్టరు అక్కర్లేదు. చక్రాల కుర్చీలో కూర్చున్న అక్క మాత్రం బడికి సెలవిచ్చినట్టు మొహం పెట్టి, "అయితే గుడి ఊరికి వెళ్దాం" అంది. బావ "సరే" అన్నాడు.

ఆ సరే అన్న మనిషి తరవాత ఏం చేశాడో ఇప్పుడు చెబుతాను. చెబుతుంటేనే నాకు ఒళ్ళు మండుతుంది. అయినా చెప్పక తప్పదు.

కొత్తగా చదువుతున్నవాళ్ళకు రెండు ముక్కలు. మా బావ సగం జీవితం టూరిస్టు బస్సు నడిపాడు. అక్కకు సుగరు ముదిరి కిడ్నీలు పోయాక దూరప్రయాణాలు మానేసి, ఒక ఫ్యాక్టరీ వాళ్ళ స్టాఫు బస్సుకు మారాడు. పొద్దున జనాన్ని దింపి సాయంత్రం ఎక్కించుకుంటే చాలు, మధ్యలో అక్కను ఆసుపత్రికి తెచ్చి మిషను పక్కన కూర్చోవచ్చు. నేను అక్కకు ఒక్కగానొక్క చెల్లెల్ని. వాళ్ళ ఇంట్లోనే పైగదిలో ఉంటాను, వీధి వైపు గదిలో బట్టలు సరిచేసే కొట్టు నడుపుతాను. పొడుగువి పొట్టి చేస్తాను, బిగుతువి వదులు చేస్తాను. బావ నన్ను కత్తెర అని పిలుస్తాడు, అది నా చేతిలో ఉన్నదాన్ని బట్టి కాదు, నోట్లో ఉన్నదాన్ని బట్టి.

డ్రైవరు ఒక ప్రయాణానికి ప్లాను ఎలా వేస్తాడో నేను దగ్గరుండి చూసింది అప్పుడే. మనలాంటివాళ్ళం ఏం చూడాలి, ఏం కట్టుకోవాలి అని మొదలుపెడతాం. బావ భోజనాల బల్ల మీద ఉప్పు డబ్బా, గ్లాసులు, నా కొలతల టేపు పరిచి దారి వేశాడు. పాత యజమాని తన వ్యాను ఇస్తానన్నాడు. వెనక సీట్లు పీకేసి పరుపు వెయ్యాలి. ఆ పరుపు వెనక చక్రాల మీదికి రాకూడదు, గతుకంతా అక్కడే తగులుతుంది. ఎండ ఏ వేళకు ఏ కిటికీలోంచి పడుతుందో చూసుకుని, పొద్దున అక్క తల ఎటుండాలో మధ్యాహ్నం ఎటుండాలో చెప్పాడు. అక్క నీళ్ళు గుక్కల లెక్కన తాగాలి కదా, అందుకని దాహం వేసినప్పుడు నోట్లో పెట్టుకునే ఐసు ముక్కలు ఏ పెట్రోలు బంకులో దొరుకుతాయో, ఏ బంకులో మరుగుదొడ్డికి మెట్లు లేవో, ఏ వంతెన దగ్గర లారీలు బారులు తీరుతాయో ఆయనకు నోటికి వచ్చు. గుడి ఊరి పొలిమేరలో బస్సులు ఆపే మైదానం దాకా దారంతా నాకు కళ్ళకు కట్టినట్టు కనిపించింది.

"ఆ మైదానం నించి గుడికి ఎంత దూరం బావా?" అన్నాను.

"ఎంతో లేదు."

"ఎంతో లేదంటే? కుర్చీ తోసుకుంటూ వెళ్ళగలమా? మెట్లున్నాయా?"

"ఉంటాయి, ఓ నాలుగు. గుడన్నాక మెట్లుండవా?"

"లోపల కాసేపు కూర్చోబెట్టడానికి చోటుందా?"

"అంత పెద్ద గుడిలో చోటుకేం కరువే" అని ఉప్పు డబ్బా తీసుకెళ్ళి అలమరలో పెట్టేశాడు. బంకులో మరుగుదొడ్డి తలుపుకు గొళ్ళెం ఏ పక్కనుందో చెప్పే మనిషి, గుడికి మెట్లెన్నో చెప్పలేకపోయాడు. అప్పటికైనా నా బుర్ర వెలగలేదు.

మర్నాటి నుంచి సాకులు మొదలయ్యాయి. వ్యాను బ్రేకులు ఒక పక్కకు లాగుతున్నాయన్నాడు, ఒక సందు పోయింది. దారిలో వంతెన రిపేరట, ఇంకో సందు పోయింది. తరవాత మబ్బు పట్టిందన్నాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది వ్యవహారం. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు, మా ఇంట్లో డాక్టరు వెళ్ళమన్నా డ్రైవరు కదలడు. అక్క పల్లెత్తు మాట అనేది కాదు. "బండి సంగతి ఆయనకు తెలుసులేవే" అని నన్నే సముదాయించేది. రోజూ పొద్దున అక్క చేతి మీద, నరం కలిపి కుట్టినచోట, నేను వేళ్ళు పెట్టి చూసేదాన్ని. అక్కడ చర్మం కింద జుమ్మని ఒక కదలిక తెలియాలి. అది తెలిసినంత కాలం మిషను రక్తం లాగగలదు. అది రోజురోజుకూ సన్నగిల్లుతోంది.

అసలు అక్కకు ఆ ఊరి పిచ్చి పట్టించింది బావే. డయాలసిస్ మొదలైన రోజు నుంచీ, మిషను తిరిగినంతసేపూ ఆ గుడి ఊరి ముచ్చట్లు చెప్పేవాడు. గోపురం ఎంత ఎత్తంటే సగం ఎత్తుకే పిట్టలు అలిసిపోయి గూళ్ళు పెట్టుకున్నాయట. రాతి ఏనుగు తొండం కొన పిల్లలు పట్టుకుని పట్టుకుని అద్దంలా అయిందట. చెవి ఆనిస్తే వాన చప్పుడు వినిపించే స్తంభం ఒకటుందట. అన్నిటికంటే అక్కకు ప్రాణం పొయ్యి ఊదే అమ్మాయి. అదెక్కడో దేవుళ్ళ వరసలో కాదు, వెనక గోడకు కింద మూలన, ఎవరూ వంగి చూడని చోట ఉందట. గొంతుక్కూర్చుని గొట్టంతో పొయ్యి ఊదుతూ ఉంటుందట. పొగకు ఒక కన్ను మూసుకుందట, రెండో కన్ను తెరిచే ఉందట. మూసుకున్న కంటి కింద, రాతిలోనే, ఒక్క నీటి చుక్క. అక్క అదెన్నిసార్లు చెప్పించుకుందో. బావ అది మొదలుపెడితే నర్సులు కూడా మా కుర్చీ దగ్గర కాస్త నెమ్మదిగా నడిచేవాళ్ళు. ఆ హాల్లో సగం మంది ఆ అమ్మాయికి చుట్టాలైపోయారు.

ఇక అసలు సంగతికి వస్తాను. ఆ రోజు మిషను మొదలైన కాసేపటికి అక్కకు బీపీ పడిపోయి, సర్దుకున్నాక నిద్రపట్టింది. బావ బస్సు నీడకు తిప్పుకొస్తానని కిందికి వెళ్ళాడు. మా పక్క కుర్చీలో ఒక పెద్దావిడ ఉంటుంది. ఎప్పుడు చూసినా కళ్ళు మూసుకునే ఉంటుంది, ఎవరితోనూ మాట్లాడదు. నిద్రపోతుందనుకునేవాళ్ళం. ఆవిడ కళ్ళు తెరిచి, సూదుల్లేని చేత్తో నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ఇలా రా. మీరు నిజంగానే వెళ్తున్నారా ఆ ఊరు?"

"వెళ్ళాలండి. ఈసారి మెడలు వంచైనా బయల్దేరదీస్తాను."

"ఆ పొయ్యి ఊదే పిల్లని చూపించడానికేనా?"

"మీరూ విన్నారా?"

"వినకేం? కళ్ళు మూసుకుంటే చెవులు కూడా మూసుకుంటాయా?" ఆవిడ కాసేపు ఊపిరి తీసుకుంది. "ఆ గుడి వెనక సందులో పుట్టాన్నేను. పెళ్ళయ్యేదాకా ఆ గోడకానుకునే ఆడుకున్నాం మేమంతా. ఆ గోడ మీద ఏనుగులున్నాయి. గుర్రాలున్నాయి. బల్లేలు పట్టుకుని సిపాయిలున్నారు. పొయ్యి ఊదే పిల్ల లేదమ్మా."

"ఏ మూలనో అరిగిపోయుంటుందేమోనండి."

"అరగడానికి ముందు ఉండాలిగా. గోపురం ఒక రోజు తూర్పునుంటుంది, ఇంకో రోజు పడమరకొస్తుంది మీ బావకి. ఆయన ఆ గుడి గడప తొక్కలేదు."

నాకు నవ్వొచ్చింది. తరవాత నవ్వు ఆగిపోయింది. నాలుగు మెట్లు, చోటుకేం కరువు, బ్రేకులు, వంతెన, మబ్బు, అన్నీ ఒక్కసారి వరసలో నిలబడ్డాయి.

"మరి ఇన్నాళ్ళూ ఎందుకూరుకున్నారు?" అన్నాను.

"ఆయన చెప్పేది మా ఊరు కాదు. మా ఊరికంటే బావుంది" అంది ఆవిడ. "నాకూ ఇక్కడ పొద్దుపోవాలిగా. ఇప్పుడు మాత్రం ఎందుకు చెప్తున్నానంటే, మీ అక్క అక్కడికెళ్ళి ఆ గోడంతా వెతుక్కుంటుంది. ఉన్న కాస్త ఓపికా ఆ వెతుకులాటలోనే పోతుంది. ఆఖరికి లేదని తెలిసినప్పుడు మీ అక్క మొహం మీరే చూడాలి. ఆ తరవాత మీ ఇష్టం." మళ్ళీ కళ్ళు మూసుకుంది.

నేను మెట్లు ఎలా దిగానో నాకు తెలియదు. బస్సు ఆసుపత్రి గోడ పక్కన ఆగి ఉంది. బావ డ్రైవరు సీట్లో కూర్చుని లోపలి నుంచి అద్దం తుడుస్తున్నాడు. ఎక్కి ఇంజిను పెట్టె మీద కూర్చున్నాను.

"లేచిందా?" అన్నాడు.

"లేదు. బావా, గుడి గోపురం ఏ పక్కనుంది?"

అద్దం మీద చెయ్యి ఆగింది. "ఇదేం ప్రశ్నే?"

"తూర్పా, పడమరా?"

ఆయన గుడ్డ మడత పెట్టాడు. విప్పాడు. మళ్ళీ మడత పెట్టాడు.

"నువ్వు ఒక్కసారైనా లోపలికెళ్ళావా?"

"ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరైతేనేం."

"బండి దిగలేదు" అన్నాడు బావ. గొంతులో ఏమీ లేదు, టిక్కెట్టు ధర చెప్పినట్టే చెప్పాడు. "ఎన్ని ట్రిప్పులు వెళ్ళుంటానో నాకే తెలీదు. రాత్రంతా నడిపి తెల్లారేసరికి ఆ మైదానంలో ఆపుతాం. జనం దిగి గుడికి పోతారు. మళ్ళీ సాయంత్రం బయల్దేరి రాత్రంతా నడపాలి. ఆ పగలు డ్రైవరు పడుకోకపోతే, రాత్రికి అందర్నీ తీసుకెళ్ళి లోయలో పడుకోబెడతాడు. తలుపులు వేసుకుని వెనక సీట్లో పడుకునేవాణ్ణి. ఆ ఊళ్ళో నేను చూసిందల్లా నా బండి కప్పు."

"మరి ఆ ఏనుగు, ఆ స్తంభం?"

"తిరుగు ప్రయాణంలో జనం మాట్లాడుకుంటారుగా. నా వెనక సీట్లో కూర్చున్నవాళ్ళు తలా ఒక ముక్క చెప్పుకునేవాళ్ళు. అవన్నీ ఒకచోట కుట్టాను. నువ్వు పీలికలు కలిపి బొంతలు కుట్టవూ?"

"నా బొంతల్ని మధ్యలోకి లాగకు. అబద్ధం చెప్పినా అతికినట్టుండాలంటారు. నీది మరీ ఎక్కువ అతికింది, ఇప్పుడు ఊడదియ్యడం ఎవరివల్లా కాదు."

"మొదటి రోజు గుర్తుందా నీకు?" అన్నాడు. "సూదులు దిగ్గానే మీ అక్క నా చెయ్యి పట్టుకుని ఏడ్చింది. ఏదో ఒకటి చెప్తూ ఉండండి, ఆ మిషను చప్పుడు నా చెవిన పడకూడదు అంది. అంతంత దూరాలు తిరిగొచ్చారుగా, ఏం చూశారో చెప్పండి అంది. నేనేం చూశాను? రోడ్డు చూశాను. ముందు బండి వెనక లైట్లు చూశాను. అది చెప్పమంటావా?"

నాకు మెత్తబడాలనిపించింది. మెత్తబడితే ఇంకో సందు పోతుంది. ఆ జుమ్మనే కదలిక నా వేళ్ళకు తెలుసు, ఆయన వేళ్ళకు తెలియదు. అందుకని కావాలనే కఠినంగా అన్నాను.

"అందుకా ఈ బ్రేకులూ మబ్బులూ? అక్క పోయేదాకా ఇలా నెట్టుకొచ్చేద్దామనా? అక్క పోతే నీ కథ నిలబడుతుంది, అంతేనా?"

నోరు జారానని నాకు అప్పుడే తెలిసింది. ఇంతెత్తున లేస్తాడనుకున్నాను. లేచి ఒక్కటి ఇచ్చినా పడేదాన్ని. ఆయన లేవలేదు.

"అంతే" అన్నాడు.

గేటు దగ్గర ఎవరో ఎవరినో బండి తియ్యమని అరుస్తున్నారు.

"అంతేనే" అని మళ్ళీ అన్నాడు. "నా మొగుడు ఇన్నాళ్ళూ నా చెవిలో పువ్వులు పెట్టాడని తెలిసి పోవడం కంటే, తెలీకుండా పోతేనే దానికి హాయి అనుకున్నాను. ఈ వారం గడిస్తే చాలు, ఈ వారం గడిస్తే చాలు అని. పెళ్ళాం చావు కోసం రోజులు లెక్కబెడుతున్నానని నాకే తెలీలేదు. నువ్వు అనేదాకా తెలీలేదు."

ఆయన మొహం చూడలేక స్టీరింగు వైపు చూస్తూ అడిగాను. "ఆ పొయ్యి ఊదే అమ్మాయి ఎవరి నోటి నించి వచ్చింది?"

"ఎవరి నోటి నించీ కాదు. అది మీ అక్కే."

"ఏంటి?"

"పెళ్ళయిన కొత్తలో మాకు ఒక్క గది. కిటికీ కూడా లేదు. నేను డ్యూటీ దిగి వచ్చేసరికి పొయ్యి ముందు కూర్చుని ఊదుతుండేది. పొగకి ఒక కన్ను మూసుకునేది. రెండోది తెరిచి గుమ్మం వైపు చూస్తుండేది, నేను వచ్చానా అని." బావ గుడ్డతో మొహం తుడుచుకున్నాడు. అద్దం తుడిచిన గుడ్డ అది, బుగ్గకు నల్లగా అంటింది. "మిషను మొదటి రోజు, జనం చెప్పుకున్నవన్నీ అయిపోయాయి. మిషను ఇంకా తిరుగుతోంది. ఆపకండి అంటోంది. నేను కళ్ళారా చూసింది అదొక్కటే ఉంది నా దగ్గర. అదే తీసుకెళ్ళి గోడ మీద పెట్టాను."

ఏడవకూడదనుకున్నాను, ఏడ్చాను. ఏడుస్తూనే పట్టుబట్టాను, నా పాడు బుద్ధి అలాంటిది. సగం కుట్టి వదిలేసిన బట్ట చూస్తే నాకు నిద్రపట్టదు.

"చెప్పెయ్ బావా. ఇప్పుడు నాకు చెప్పినట్టే దానికీ చెప్పు. అక్కడికి తీసుకెళ్ళి గోడలు వెతికించకు. ఇవాళే చెప్పు. నువ్వు చెప్పకపోతే నేను చెప్తాను. నేను చెప్తే ఎలా ఉంటుందో నీకు తెలుసు."

"నువ్వొద్దు" అన్నాడు గబుక్కున. "నేనే చెప్తా. నువ్వు పైకి వెళ్ళు, మొహం కడుక్కుని వస్తాను."

మంచి పని చేశాననుకుంటూ మెట్లెక్కాను. ముప్పాతిక వంతు బరువు దిగినట్టే అనిపించింది. భార్యాభర్తలు కాసేపు ఏడుస్తారు, తరవాత నవ్వుకుంటారు, ఈసారి సందులో వ్యాను కదులుతుంది, అని నాకు నేనే కత్తిరించి కుట్టేసుకున్నాను. అలాంటప్పుడే ఎవరైనా నా చెంప పగలగొట్టి ఉండాల్సింది.

అక్క లేచి ఉంది. నర్సు అప్పుడే ట్యూబులు సరిచూసి పక్క వరసకు వెళ్ళింది.

"ఎక్కడికెళ్ళావే ఇంతసేపు?"

"బావ దగ్గరికి. ఇదిగో, నీ ప్రయాణం జాకెట్టు అయిపోయింది" అని సంచీలోంచి తీసి ఒళ్ళో పెట్టాను. సూదుల చేతికి భుజం నుంచి మణికట్టు దాకా నొక్కుడు బొత్తాలు పెట్టి కుట్టాను, బట్ట విప్పకుండానే చెయ్యి బయటికి వస్తుంది. అక్క నీలం రంగు కావాలంది. నాలుగు కొట్లు తిరిగినా మెత్తటి బట్టలో నీలం దొరక్క పసుపు తెచ్చాను. తిట్టించుకోవడానికి సిద్ధంగానే నిలబడ్డాను.

అక్క జాకెట్టును వేళ్ళతో తడిమింది. బొత్తాలు ఒక్కొక్కటీ నొక్కి చూసుకుంది. మొహం నిండా నవ్వింది.

"ఎంత మెత్తగా ఉందే. నీలం కూడా అచ్చం నేననుకున్నదే."

నాకు మొదట అర్థం కాలేదు. ఎగతాళి చేస్తోందనుకున్నాను. "వెటకారమా?" అన్నాను.

"వెటకారమేంటే? బావుందనేగా అన్నాను."

"అక్కా, అది నీలమా?"

జాకెట్టు మీద వేళ్ళు ఆగిపోయాయి. "కాదా?" అంది.

నేను అక్క మొహానికి ఎదురుగా వంగాను. ఆ కళ్ళు నా మీదే ఉన్నాయి, కానీ నా కళ్ళలోకి కాదు, నా చెవి దగ్గర ఎక్కడో ఉన్నాయి.

"ఎప్పటి నించి?" అన్నాను.

"ఒక కన్ను పోయి చాన్నాళ్ళయింది. రెండోది ఈ మధ్యనే. వెలుతురు తెలుస్తుంది. మనిషి అడ్డం వస్తే నీడ తెలుస్తుంది. గట్టిగా మాట్లాడకే, నర్సు వింటుంది."

"డాక్టరుకు ఎందుకు చెప్పలేదు?"

"చెప్తే ఇంకో డాక్టరు, ఇంకో సూది. ఈసారి కంట్లో. దేనికే, ఇక ఎన్నాళ్ళకని?"

మాకు ఎలా తెలుస్తుంది? మంచం నుంచి బాత్రూముకి బావ చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాడు. అన్నం నేను కలిపి చేతిలో పెడతాను. నడిస్తే నీరసం, తడబడితే నీరసం, దేనికైనా నీరసమే అనుకున్నాం. ఇద్దరం రోజంతా పట్టుకునే ఉన్నాం, ఇద్దరికీ తెలియలేదు. నేను అక్క కాళ్ళ దగ్గర కూలబడ్డాను.

"మరి ఆ ఊరెందుకే? అంత దూరం వెళ్ళి ఏం చూస్తావ్?"

"చూడ్డానికెవరు వెళ్తున్నారే పిచ్చిదానా?" అంది అక్క. "ఆయన చెప్పగా విన్నాను, చూసినట్టే. ఈ మిషను రొద లేని చోట, గాలి తగిలే చోట, ఆయన పక్కన కూర్చుని ఆ కథంతా ఒక్కసారి మొదటి నించీ చెప్పించుకోవాలి. ఆ పొయ్యి ఊదే పిల్ల దగ్గర నా చెయ్యి రాతి మీద పెట్టమంటాను. ఆయన ఎక్కడ పెడితే అక్కడే తడుముకుంటాను. అంతే నాకు కావాల్సింది."

ఎక్కడ పెడితే అక్కడే.

"ఆయనకు మాత్రం చెప్పకు. కనపడదని తెలిస్తే తీసుకెళ్ళరు. నాకు ఏడుపొస్తుందని ఇక్కడ చెప్పడం కూడా మానేస్తారు. నిజం చెప్పనా? ఈ సూదులు చాలు, ఇక నేను రానని ఎన్నిసార్లు అనబోయానో. ఇక్కడికి రావడానికి బస్సు ఎక్కేటప్పుడు, ఇవాళ ఆయన ఎక్కడి నించి మొదలుపెడతారో అనుకునేదాన్ని, కాళ్ళు వాటంతటవే కదిలేవి. నన్ను బతికిస్తున్నది ఈ మిషను కాదే. ఆ ఊరు లేకపోతే నేను రేపటి నించి ఇక్కడికి రాను."

తిట్టినట్టు కాదు, బెదిరించినట్టు కాదు, ఇంట్లో ఉప్పు అయిపోయిందన్నట్టు చెప్పింది.

అప్పుడు తట్టింది నాకు. ఏ రాయైనా చాలు. ఏనుగు కాలి మీద చెయ్యి పెట్టి ఇదే ఆ అమ్మాయి అన్నా చాలు. మైదానం పక్కన ఏ ప్రహరీ గోడైనా చాలు, బండి దిగక్కర్లేకుండానే సరిపోతుంది. బావ అబద్ధాన్ని పట్టుకోగల కళ్ళు ఈ లోకంలో ఇక లేవు. పట్టుకుని ఊడదీసింది నేను. చెప్పి తీరాలని కిందికి వెళ్ళి మెడ మీద కత్తి పెట్టి వచ్చింది నేను.

లేచి నిలబడ్డాను. పక్క కుర్చీ పెద్దావిడ కళ్ళు తెరిచే ఉంది. అంతా విన్నది. "పరిగెత్తమ్మా" అంది నెమ్మదిగా.

పరిగెత్తాను. హాలు తలుపు దగ్గరే బావ ఎదురయ్యాడు. మొహం కడుక్కుని, తల దువ్వుకుని, చొక్కా సర్దుకుని పెళ్ళిచూపులకు వచ్చినవాడిలా ఉన్నాడు.

"బావా, ఒక్క నిమిషం బయటికి రా."

"వద్దే. ఇప్పుడు ఆగితే మళ్ళీ నావల్ల కాదు."

"చెప్పక్కర్లేదు బావా. నా మాట విను, చెప్పక్కర్లేదు."

"ఇందాక చెప్పమన్నావు, ఇప్పుడు వద్దంటున్నావు. నా మీద జాలిపడకు కత్తెరా. నువ్వన్నదే నిజం."

చొక్కా చెయ్యి పట్టుకున్నాను. ఆయన నా వేళ్ళు ఒక్కొక్కటీ నిదానంగా విడదీశాడు. అక్కడే అరిచి చెప్పేద్దామా అనుకున్నాను. నోరు తెరిస్తే అక్క దాచుకున్నది బయటపడుతుంది, మూసుకుంటే బావ దాచుకున్నది బయటపడుతుంది. పుట్టి బుద్ధెరిగాక నాకు మాట దొరకనిది అదే మొదలు.

అడుగుల చప్పుడుకు అక్క తల ఇటు తిప్పింది. "వచ్చారా?" అంది. జాకెట్టు దిండు కింద దాచేసుకుంది.

బావ స్టూలు లాక్కుని కూర్చున్నాడు. సూదుల్లేని చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకున్నాడు.

"నీకో సంగతి చెప్పాలి."

"దేని గురించి?"

"ఆ ఊరి గురించే."

అక్క మొహం విచ్చుకుంది. తల దిండు మీద సర్దుకుని, హాయిగా కళ్ళు మూసుకుంది.

"ఆ ఊళ్ళో నేను ఎప్పుడూ బండి దిగలేదు" అన్నాడు బావ.

కథ మొదలైందనుకుని, అక్క "ఊఁ" కొట్టింది.